బస్తర్‌లో టెంటు వేసి తెల్లవార్లూ వణకడం ఎలా?

సంక్రాంతి సెలవులకు విశాఖలో కిరండూల్ రైలెక్కి జగదల్‌పూర్‌లో దిగేవాళ్లు చలి గురించి అస్సలు బెంగపెట్టుకోకండి. ఛత్తీస్‌గఢ్ అంటే ఎండలే కదా! జనవరి రాత్రుళ్లు 10 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుందని ఎవరైనా అంటే నవ్వేసి, పలచటి దుప్పటి ఒకటి మడతపెట్టుకోండి.

చిత్రకోట్ చేరగానే ఇంద్రావతికి వీలైనంత దగ్గరగా, పల్లం చూసి టెంటు వేయండి. ఫొటోలో జలపాతం పడాలి మరి. బరువైన చల్లగాలి రాత్రంతా జారి చేరేది అక్కడికే. నది చెమ్మ అదనం. గట్టు మీద చెట్ల కింద దిగినవాళ్లకు ఈ భాగ్యం ఉండదు.

కింద ఏమీ పరవకండి. ఉన్నవన్నీ పైనే కప్పుకోండి. మీ బరువుకు అణిగిన బట్టలో గాలి నిలవదు కాబట్టి, నేల మీ వీపులోంచి వేడిని నింపాదిగా లాక్కుంటుంది. మీ జీపు డ్రైవరు ఊళ్లో ఎండుగడ్డి అడిగి తెచ్చి, మీద టార్పాలిన్ పరుచుకుని గురక పెడుతుంటే, పాతకాలపు మనిషని జాలిపడి అటు తిరిగి పడుకోండి. అతని కింద జానెడు గడ్డి ఉంది. మీ కింద బస్తర్ మొత్తం ఉంది.

జిప్పులన్నీ బిగించేయండి, గాలి ఆడే కిటికీతో సహా. నలుగురి ఊపిరి చెమ్మ టెంటు గుడ్డకు పట్టి, తెల్లవారుజామున మొహం మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. అలారం పెట్టుకోనక్కర్లేదు. పగలు తీరథ్‌గఢ్ మెట్లెక్కి దిగిన చెమట సాక్సులు విప్పకండి. పొడివి రేపటి ఫొటోలకు ఉంచండి.

ఇక ఇప్పసారా. ఇక్కడివాళ్లు దేవుడికీ పెళ్లికీ చావుకీ పోసుకునేదాన్ని మీరు హీటరుగా వాడండి. రెండు దొన్నెలు పడేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. నిజమే, లోపలి వేడి చర్మం దాకా వచ్చి బయటికి పోయేటప్పుడు అలాగే ఉంటుంది. కాసేపటికి వణుకు మొదలవుతుంది. ఆ వణుకులోనే ఒంటికి లేచి, చీకట్లో జిప్పు వెతుక్కోవాలి.

ఇక్కడితో వేళాకోళం ఆపుతున్నాను. బొగ్గుల కుంపటి మాత్రం టెంటులోకి తేకండి. మంట కనిపించకపోయినా బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నెగడు బయటే వేసుకోండి. కాళ్లు కాచుకుని, పొడి సాక్సులు తొడుక్కుని లోపలికి వెళ్లండి.