కుక్కకు వంశవృక్షం, డాక్టరుకు పంజా గుర్తు

మన నగరాల్లో జాతికుక్కను కొనేవాడి జాగ్రత్త చూస్తే ముచ్చటేస్తుంది. కెన్నెల్ క్లబ్ కాగితాలున్నాయా, తండ్రి ఏ షోలో గెలిచాడు, తల్లిది ఏ ఊరు, అమ్మమ్మకు తుంటి ఎముకలో లోపమేమైనా ఉందా అని ఏడు తరాల ఆరా తీస్తాడు. అతనికి పిల్లనిచ్చేటప్పుడు మామ కూడా ఇంత ఆరా తీసి ఉండడు. అంతా అయ్యాక బేరమాడి, కుక్కపిల్లను చంకనేసుకుని ఇంటికొస్తాడు. ఆ పిల్ల ఒంట్లో సూది దించేవాడు, మత్తు ఎక్కించేవాడు, అవసరమైతే పొట్ట కోసేవాడు ఎవరన్న దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆరా అంతా ఆవిరైపోతుంది. వీధి చివర ఆకుపచ్చ బోర్డు, దాని మీద పంజా గుర్తు ఉంటే చాలు. లోపలికి వెళ్ళిపోతాడు.

చట్టం లేక కాదు. 1984లోనే పార్లమెంటు భారత పశువైద్య మండలి చట్టం చేసింది. పశువైద్యం చెయ్యాలంటే పట్టా ఉండాలి, పేరు మండలి రిజిస్టరుకెక్కాలి. ఇప్పుడా పట్టాకు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు పడుతుంది. డిప్లొమాలూ సర్టిఫికెట్లూ ఉన్నవాళ్ళు ప్రభుత్వం అనుమతించిన చిన్నా చితకా సేవలు చెయ్యవచ్చు, అదీ రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో. ఇది కాగితం మీది మాట.

ఇక వీధిలో చూద్దాం. పదేళ్ళు క్లినిక్‌లో సెలైన్ సీసాలు అందించిన కుర్రాడు పదకొండో ఏట వేరే కాలనీలో డాక్టరుగా వెలుస్తాడు. కుక్కకు కూర్చోవడం, షేక్‌హ్యాండ్ ఇవ్వడం నేర్పే ట్రైనరు ఖాళీ సమయంలో టీకాలేస్తాడు. మేత, గిన్నె, గొలుసు అమ్మే షాపాయన గొలుసుతోపాటు ఒక సూది కూడా కొసరు వేసి పంపిస్తాడు. వీళ్ళందర్నీ మనం "డాక్టర్ గారూ" అనే పిలుస్తాం. మన నోట ఆ బిరుదు రావడానికి ఐదున్నరేళ్ళు అక్కర్లేదు, మెడలో స్టెతస్కోపు ఉంటే చాలు.

"ఇంటికే వచ్చి వేస్తాం సార్, క్లినిక్ రేటులో సగమే" అంటాడు మరొకాయన. టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. తయారైన చోటి నుంచి సూదిలోకి ఎక్కేదాకా అంతే. మే నెల మిట్టమధ్యాహ్నం కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా స్కూటరు డిక్కీలో ఊరేగి వచ్చిన సీసాలో రక్షణ ఎంత మిగిలిందో చెప్పగల నాథుడు లేడు. సగం రేటు సంగతి మాత్రం నిజమే, ఎందుకంటే టీకాలో ఆ సగమైనా మిగిలితే మన అదృష్టం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక, కుక్కకైనా మనిషికైనా, ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అలాంటి జబ్బు దగ్గర బేరమాడి మిగుల్చుకున్న డబ్బుతో మనవాడు కుక్కకు కొత్త చొక్కా కొంటాడు.

అసలు మోసం కొనుగోలు రోజే మొదలవుతుంది. "నలభై ఐదు రోజుల పిల్ల సార్, టీకాలన్నీ అయిపోయాయి" అంటాడు అమ్మేవాడు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మనే కూడదు. నలభై ఐదు రోజులంటే ఆరున్నర వారాలు కూడా నిండవు. ఇక టీకాలంటారా, మొదటిది వేసేదే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు కాబట్టి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేస్తూపోవాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో. మరి నలభై ఐదు రోజులకే "అన్నీ అయిపోయాయి" అంటే, అయిపోయినవి టీకాలు కావు, మన ప్రశ్నలు. వారం తిరిగేసరికి పార్వో వైరస్ సోకి పిల్ల రక్తవిరేచనాలతో పడిపోతే ఆ తిట్లు తినేది డాక్టరు. అమ్మినవాడు అప్పటికి మరో నలభై ఐదు రోజుల పిల్లను అమ్ముతుంటాడు.

సరే, రిజిస్టరైన అసలు సిసలు డాక్టరే దొరికాడనుకుందాం. క్లినిక్ లోపలికి వెళదాం. ఏసీ, సోఫా, ఒక గోడ నిండా విదేశీ మేత బస్తాలు, ఇంకో గోడ నిండా షాంపూలు, బెల్టులు, బొమ్మలు. కౌంటరు దగ్గర అమ్మాయి "హాయ్ బేబీ" అంటుంది. ఆ పలకరింపు కుక్కకు. మనల్ని "పేరెంట్స్" అంటుంది. బిల్లు దగ్గర మాత్రం మళ్ళీ "సార్" అయిపోతాం. ఇంత వైభవంలో కనిపించనిది ఒక్కటే, బరువు తూచే యంత్రం. ఉన్నా దాని మీద మేత బస్తా కూర్చుని ఉంటుంది.

"పదిహేను కిలోలు ఉంటాడా?" అంటాడు డాక్టరు, సంతలో మేకను చూసినట్టు చూసి. "ఉంటాడేమో సార్" అంటాం మనం. అంతే, మోతాదు ఖాయమైపోతుంది. కుక్కకైనా పిల్లికైనా మందు కిలో బరువుకు ఇంతని లెక్కగట్టి ఇవ్వాలి. మత్తుమందైతే మరీను. ఆ రోజు మన అంచనా మూడు కిలోలు తప్పితే ఆ మూడు కిలోల తేడా మోసేది కుక్క.

థర్మామీటరు ఇంకా అరుదైన వస్తువు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. అంటే మనం చెయ్యి పెట్టి చూస్తే ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. చెవులు పట్టుకుని "జ్వరం ఉందండీ" అని తేల్చే డాక్టరుకు ఏ కుక్కను తీసుకెళ్ళినా జ్వరమే. ఆ జ్వరం పిడుదుల నుంచి వచ్చే టిక్ ఫీవరే. ఆ టిక్ ఫీవరుకు ఆ క్లినిక్‌లోనే ప్యాకేజీ.

ఆ తర్వాత ఇంజెక్షన్. "ఏం మందు డాక్టర్ గారూ?" అంటే "మంచి మందే అమ్మా" అన్నది జవాబు. రెండు పూటల్లో దురద మాయం, కుక్క చెంగుచెంగున ఎగురుతుంది, డాక్టరు హస్తవాసి కాలనీ అంతా మారుమోగుతుంది. ఆ హస్తవాసి అసలు పేరు చాలాసార్లు స్టిరాయిడు. అవసరమైన చోట అది ప్రాణదాత, సందేహం లేదు. పేరు కార్డు మీద రాయకపోవడమే ప్రమాదం. వారం తర్వాత కుక్క కుంటుతోందని ఇంకో డాక్టరు దగ్గరకు వెళితే, పాపం ఆయన నొప్పుల మందు ఇస్తాడు. స్టిరాయిడు మీద నొప్పుల మందు పడితే కడుపులో పుండ్లు పడి రక్తం కారవచ్చు. ఇద్దరు డాక్టర్లూ తమ తమ మందులు సరిగ్గానే ఇచ్చారు. చచ్చిందల్లా కుక్కే.

బోర్డు మీద "24 గంటలు" అన్న మాట ఎర్రక్షరాల్లో ఉంటుంది. రాత్రి పన్నెండింటికి వెళ్ళి చూడండి. 24 గంటలూ వెలిగేది ఆ బోర్డే. లోపల నిద్రమత్తులో ఒక కుర్రాడు, "సార్ పొద్దున పదింటికొస్తారు" అంటాడు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటి పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడితే గంటల్లో ఆపరేషన్ జరగాలి. మగపిల్లికి మూత్రం బిగిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఈ జబ్బులకు క్లినిక్ వేళలు తెలియవు. పాపం, వాటికి బోర్డు చదవడం రాదు.

పిల్లుల సంగతి ఇంకా అధ్వానం. చాలామంది దృష్టిలో పిల్లి అంటే మొరగని చిన్న కుక్క. కుక్కల పిడుదులకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి విషం. మనం నొప్పికి, జ్వరానికి నోట్లో వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి బతకడం కష్టం. ఈ రెండో ఘనకార్యం మాత్రం డాక్టర్లది కాదు, మనది.

ఇక మన గొప్పలు కూడా చెప్పుకోవాలిగా. పుట్టినరోజుకు కుక్కకు టోపీ పెట్టి, కేకు కోయించి, నలభై మందిని పిలిచే యజమాని కన్సల్టేషన్ ఫీజు వినగానే "మాకే అంత తీసుకోడు మా డాక్టరు" అని గుండెలు బాదుకుంటాడు. ఇంజెక్షన్ వెయ్యకుండా నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపితే "ఏం చేశాడని డబ్బులు?" అంటాడు. అందుకే, అక్కర ఉన్నా లేకున్నా సూది వేసే డాక్టరు ముందు క్యూ, ఆలోచించి వద్దనే డాక్టరు ముందు ఈగలు. అర్ధరాత్రి వాట్సాప్‌లో మసకఫొటో పంపి "ఏదో ఒక టాబ్లెట్ చెప్పండి సార్" అంటాడు. మూతికి కట్టు కడతానంటే "మావాడు కరవడండీ, చాలా సాఫ్ట్" అని అభ్యంతరం చెప్పి, కరిచాక "మీరే సరిగ్గా పట్టుకోలేదు" అంటాడు. ఇలాంటి కొనుగోలుదారులకు ఇలాంటి దుకాణాలే దొరుకుతాయి. బజారు సూత్రమది.

నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో వెటర్నరీ కాలేజీలున్నాయి. కారు దిగిన పెద్దమనిషి "గవర్నమెంటు ఆసుపత్రా?" అని ముక్కు చిట్లిస్తాడు. తన జూబ్లీహిల్స్ డాక్టరుకు పాఠాలు చెప్పిన మాస్టార్లు అలాంటి కాలేజీలోనే ఉంటారని ఆయనకు తట్టదు. తట్టినా, మేకల వెనుక వరసలో తన లాబ్రడార్ నిలబడాలంటే పరువు ఒప్పుకోదు. కుక్కకు ఏ పరువూ లేదు, బతకాలని మాత్రం ఉంది.

సర్కారు వారి సంగతీ అంతే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోను చేస్తే పల్లెలో పశువు దగ్గరకే వైద్యం బండి వచ్చే ఏర్పాటు చేశారు. మంచిదే, మెచ్చుకోవాలి. కానీ ప్రభుత్వ దృష్టిలో పాలిచ్చేది, గుడ్డు పెట్టేది, కూరగా మారేదే పశువు. మొరిగేదానికీ మ్యావ్ అనేదానికీ లెక్కల పుస్తకంలో చోటు తక్కువ. బిర్యానీ హోటళ్ళ వంటగదుల్లోకి తనిఖీ అధికారులు కెమెరాలతో వెళ్ళి బొద్దింకల్ని పట్టుకుంటున్నారు. పెట్ క్లినిక్ ఆపరేషన్ గదిలోకి ఎవరైనా తొంగిచూశారన్న వార్త మీరు చదివారా? ఉడికిన కోడికి ఉన్న పాటి రక్షణ మత్తులో పడుకున్న కుక్కకు లేదు.

మంచి డాక్టర్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్ళను గుర్తుపట్టే పద్ధతే మనకు రాలేదు. మనం నవ్వు చూస్తాం, సోఫా చూస్తాం, "బేబీ" అన్నాడా లేదా చూస్తాం. దయ ఉన్న డాక్టరు చేసే పనులు ఇంత రంగుగా ఉండవు. ముందు తూస్తాడు. థర్మామీటరు పెడతాడు. పళ్ళు, చిగుళ్ళు, కళ్ళు చూసి, పొట్ట నొక్కి, ఆ తర్వాతే మాట్లాడతాడు. ఈ రక్తపరీక్ష ఎందుకు, దాని ఫలితాన్నిబట్టి వైద్యం ఎలా మారుతుందో చెబుతాడు. మందు పేరు, మోతాదు కార్డు మీద రాస్తాడు. టీకా సీసా మీది చీటీ పీకి, బ్యాచ్ నంబరుతో సహా ఆ కార్డులోనే అంటిస్తాడు. ఆపరేషనుకు ముందే ఖర్చెంతో అంచనా చెబుతాడు. "ఇది నా చేతిలో లేదు, రాజేంద్రనగర్ తీసుకెళ్ళండి" అనడానికి సిగ్గుపడడు. అలా అన్నవాణ్ణి మనం చేతగానివాడని ముద్రవేసి వదిలేస్తాం. వదలకండి. మీకు దొరికిన నిజాయితీపరుడు అతనే.

కాబట్టి అయ్యా, అమ్మా, మీ జంతువు ఒంట్లో బాగున్నప్పుడే డాక్టరును వెతకండి. విరేచనాలు మొదలయ్యాక వెతికితే దగ్గర్లో ఉన్నవాడే ధన్వంతరి అవుతాడు. ఒకసారి ఊరికే వెళ్ళి అడగండి: మీ రిజిస్ట్రేషన్ నంబరెంత? టీకాలు ఏ ఫ్రిజ్‌లో పెడతారు, కరెంటు పోతే ఏం చేస్తారు? మత్తు ఇచ్చేదెవరు, తెలివి వచ్చేదాకా పక్కన ఉండేదెవరు? రాత్రి ఫోను ఎత్తేదెవరు? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే మీకు జవాబు దొరికినట్టే, బయటికి వచ్చెయ్యండి. నంబరు చెప్పినవాడి పేరు రాష్ట్ర పశువైద్య మండలి రిజిస్టరులో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఫిర్యాదు రాయండి. ఉన్నవాడే తప్పు చేసినా రాయండి. రిజిస్టరు నుంచి పేరు తీసేసే అధికారం చట్టంలోనే ఉంది, అది నిద్రపోతున్నది మీరు లేపలేదు కాబట్టి. బల్లెక్కిన రోగికి నోరు లేదు. నోరున్న మీరు ఆ నాలుగు ప్రశ్నలు అడక్కపోతే, రేపు జరిగేదానికి డాక్టరుతోపాటు మీరూ బాధ్యులే.