బలుపు కాదు, పీఎన్‌జీ

మా బావగారి పదవీ విరమణకు ఫ్లెక్సీ కొట్టిద్దామని వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పట్టుకెళ్లాను. షాపు కుర్రాడు తెర మీద దాన్ని పెద్దది చేసి చూసి పెదవి విరిచాడు. "బ్లర్ వస్తది సార్. ఒరిజినల్ లేదా?" నేను తల గోక్కునేలోపే పక్కనున్న మేనల్లుడు, అంటే బావగారి సుపుత్రుడే, అందుకున్నాడు. "ఐదు నిమిషాలాగు మామయ్యా, పీఎన్‌జీ చేసి పంపిస్తా. క్లారిటీ అదే వస్తుంది."

వాడిది బీటెక్. మౌస్ ముట్టుకుంటే పరువు తక్కువ. ల్యాప్‌టాప్‌లో నల్ల తెర తెరిచి "మ్యాజిక్ నాన్న.జేపీజీ నాన్న.పీఎన్‌జీ" అని కొట్టి ఎంటర్ నొక్కాడు. 120 కేబీ ఫైలు కాస్తా 1.2 ఎంబీ అయింది. "చూశావా, పదింతలు!"

వాపును చూసి బలుపనుకోవడం అంటే ఏమిటో కళ్లారా చూశాను.

ఆ కమాండ్ వెనకున్న ఇమేజ్‌మ్యాజిక్ మీద నాకేం కోపం లేదు. జాన్ క్రిస్టీ 1987లో డ్యూపాంట్‌లో పనిచేస్తూ మొదలుపెట్టిన పనిముట్టు అది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. పాత వెర్షన్లలో "కన్వర్ట్" అని కొట్టేవాళ్లం, ఏడో వెర్షన్ నుంచి "మ్యాజిక్" అని కొట్టమన్నారు. మనవాళ్లకు భక్తి ముదిరింది అప్పట్నుంచే అని నా అనుమానం.

జేపెగ్ బొమ్మను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సన్నని వివరాలను పారేస్తుంది. వాట్సాప్ ఆ ఫోటోను కుదించి, ఇంకోసారి పారేసింది. బావగారి మీసం వెంట్రుకలు అక్కడే రాలిపోయాయి. మరి పీఎన్‌జీ? అది దేన్నీ పారేయదు. మీసం ఉండాల్సిన చోట మిగిలిన మరకనూ, చొక్కా కాలరు చుట్టూ దోమల్లా ముసిరిన చుక్కలనూ పొల్లుపోకుండా దాచిపెడుతుంది. ఆ పదింతల చోటూ ఈ చెత్తకు కట్టిన అద్దె! నీళ్లపాలను వెండి గ్లాసులోకి ఒంపి, మీగడ ఎప్పుడు కడుతుందా అని కూర్చున్నాడు మా వాడు.

ఇంకో శాఖవాళ్లున్నారు. వీళ్లకు కమాండ్ కూడా దండగే. ఫైలు పేరు చివర జేపీజీ చెరిపి పీఎన్‌జీ అని రాసేస్తారు. ఇమేజ్‌మ్యాజిక్‌లోనే ఉన్న "ఐడెంటిఫై" కమాండ్‌కు ఇచ్చి చూడండి, పేరు వంక చూడకుండా మొదటి బైట్లు చదివి జేపెగ్ అని తేల్చేస్తుంది. నిజమైన పీఎన్‌జీలో రెండో బైటు నుంచి పీ, ఎన్, జీ అనే అక్షరాలే ఉంటాయి మరి. దొంగ సర్టిఫికెట్ గేటు దగ్గరే దొరికిపోతుంది. జేపెగ్‌నే క్వాలిటీ 100 పెట్టి మళ్లీ జేపెగ్ చేసే మేధావుల జోలికి నేను పోను.

లోగోకో, ఇంకా దిద్దాల్సిన బొమ్మకో పీఎన్‌జీ చక్కగా పనికొస్తుంది. ఉన్నది ఇక చెడదు, అంతవరకే.

ఫ్లెక్సీ ఎనిమిది అడుగుల ఎత్తున కట్టారు. బావగారి ముఖం గళ్ల లుంగీలా ఉంది. అసలు ఫోటో, 4 ఎంబీది, అక్క ఫోన్‌లో భద్రంగా ఉందని సన్మానం అయ్యాక తెలిసింది. "వాట్సాప్‌లో పంపాను కదరా" అంది. అమ్మా, అయ్యా, ఈసారి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి.