ఎలా ఉన్నారండీ? ఈ కాల్ రికార్డవుతోంది

సరుకు అమ్మడానికి ఫోన్ చేసిన కుర్రాడు ఏం మాట్లాడాడు, అవతలాయన ఏమన్నాడు, ధర మీద ఎన్ని నిమిషాలు గడిచాయి, పోటీ కంపెనీ పేరు ఎన్నిసార్లు వచ్చింది, ఊపిరి తిప్పుకోకుండా ఎవరు ఎంతసేపు వాయించారు... ఇవన్నీ యంత్రంతో లెక్క కట్టించి, ఆ లెక్క చూసి వ్యాపార వ్యూహం దిద్దుకోవడం ఇప్పుడు కంపెనీల్లో గొప్ప విద్య. 2015లో ఇద్దరు ఇజ్రాయెల్ వాళ్ళు మొదలుపెట్టిన గాంగ్ అనే సంస్థ ఈ విద్యతోనే పైకొచ్చింది. దాని పోటీదారు కోరస్‌ను 2021లో జూమ్‌ఇన్ఫో వాళ్ళు 57.5 కోట్ల డాలర్లు పోసి కొన్నారు. ఇంత డబ్బు పోసి కనిపెట్టిందేమిటయ్యా అంటే, అమ్మేవాడు తక్కువ మాట్లాడాలి, కొనేవాణ్ణి మాట్లాడనివ్వాలి. గాంగ్ వారు పాళ్ళు కూడా తేల్చారు: అమ్మేవాడికి 43, కొనేవాడికి 57. నలభై నాలుగో పాలు మాట్లాడినవాడు మేనేజరు గదిలోకి వెళ్ళి సంజాయిషీ చెప్పుకోవాలి.

ఈ విద్యను ఒక్కసారి మా కె.గంగవరం మండలానికి తీసుకొద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కోనసీమ జిల్లాలో కలిసిన మండలం ఇది. అంతకుముందు గౌతమికి ఇవతలి ఒడ్డున ఉండి అవతలి కోనసీమను చూస్తుండేవాళ్ళం. హైదరాబాద్‌లో హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఒక కుర్రాడు కోటిపల్లిలో ఒక కౌలు రైతుకు ఫోన్ చేసి, వాయిదాల మీద పవర్ టిల్లరు అంటగట్టబోతున్నాడని అనుకుందాం.

"నమస్కారమండీ, ఎలా ఉన్నారండీ?" అంటాడు. వాడి సొంత మాట కాదది. తెలియనివాళ్ళకు చేసిన సుమారు 90 వేల కాల్స్ పరిశీలించి, ఈ పలకరింపుతో మొదలుపెట్టినవాళ్ళకు మామూలు కంటే 6.6 రెట్లు ఫలితం వచ్చిందని గాంగ్ వాళ్ళే ప్రకటించారు. అమెరికాలో ఆ ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎవరూ ఆగరు కాబోలు. మావైపు ఆగాలి.

"ఆయ్, బాగానే ఉన్నామండీ. తమరెవరండీ?"

"హైదరాబాద్ నుంచండీ, టిల్లరు గురించి..."

"అది సరేనండీ, సొంతూరేదీ?"

"తణుకు దగ్గరండీ."

"దగ్గరంటే? వేల్పూరా, ఇరగవరమా?"

"ఇరగవరమేనండీ."

"ఇరగవరంలో ఎవరబ్బాయివి బాబూ?"

అక్కడితో అమ్మకం ముగిసి సంబంధం మొదలైంది. కుర్రాడి అమ్మమ్మగారిల్లు ద్రాక్షారామమని బయటపడింది. ఆ వీధిలో ఎవరెవరు పోయారో, ఎవరు కాకినాడలో కాపురం పెట్టారో తేలింది. "మామయ్యగారింటికి వచ్చినప్పుడు మా ఇంటికి రా, భోంచేసి వెళుదువుగాని" అని ఆయన పిలిచాడు. పెట్టేసేముందు, "ఆ టిల్లరు సంగతి కోతలయ్యాక చూద్దాంలే" అన్నాడు.

ఇక సాయంత్రం యంత్రంగారి నివేదిక చూడండి. వినియోగదారుడు ఎనభై పాళ్ళు మాట్లాడాడు, కాబట్టి కుర్రాడు అద్భుతమైన శ్రోత. ధర ప్రస్తావన సున్నా, కాబట్టి ధర మీద అభ్యంతరం లేదు. పోటీ కంపెనీ ఊసు లేదు, కాబట్టి పోటీయే లేదు. మనోభావం మిక్కిలి అనుకూలం. తదుపరి అడుగు ఖరారు: ఇంటికి భోజనానికి ఆహ్వానం. అమ్మకం జరిగే అవకాశం చాలా ఎక్కువ. మూడోరోజు మళ్ళీ ఫోన్ చేయవలెను.

మూడోరోజు కుర్రాడు చేశాడు. అది నవంబరు. బంగాళాఖాతంలో వాయుగుండమన్న కబురు విని ఆయన కళ్ళంలో ధాన్యం రాశి మీద బరకాలు కప్పుతున్నాడు. "ఎలా ఉన్నారండీ?" అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబును యంత్రం "మనోభావం: ప్రతికూలం" అని నమోదు చేసుకుంది. కుర్రాణ్ణి శిక్షణ తరగతికి పంపారు.

ఈ మొత్తంలో పనికొచ్చే మాట ఒక్కటే ఉంది: కోతలయ్యాక. యంత్రం ఆ మాట వినలేదని కాదు, విని అచ్చు కూడా వేసింది. అది ధర పెట్టెలో పడదు, పోటీ పెట్టెలో పడదు, అందుకని ఎందులోనూ పడలేదు. సార్వా (ఖరీఫ్) ధాన్యం అమ్ముడై డబ్బు బ్యాంకులో పడేదాకా కౌలు రైతు చేతిలో కొత్త రూపాయి ఉండదు. సాధారణ రకం ధాన్యానికి 2025-26లో క్వింటాలు మద్దతు ధర 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777. అందులోంచి కౌలు తీసెయ్యండి, కోత కూలి తీసెయ్యండి, ఎరువుల కొట్లో అప్పు తీసెయ్యండి. మిగిలిందాంట్లో వాయిదా ఎంత పడుతుందో లెక్క వేయడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు. పైగా కంపెనీ వాళ్ళు తెగ వెతుకుతుండే ఆ "నిర్ణయాధికారి" ఎవరంటారు? పొలం ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. టిల్లరు చెడితే రామచంద్రపురంలో బాగుచేసే మనిషి ఉన్నాడా లేడా అన్నది పక్క చేను ఆయన చెప్పాలి. ఇంట్లో ఆవిడ ఊఁ అనాలి. వీళ్ళెవరూ ఆ కాల్‌లో లేరు. లేనివాళ్ళ మాటలు రికార్డు చేసే యంత్రం ఇంకా రాలేదు.

బేరంలో అసలు సంగతి నోటితో చెప్పడమన్నది మనకు అలవాటు కూడా కాదు. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునేవారు. పైకి వినబడేదంతా ఎద్దు పళ్ళ గురించి, సుడుల గురించి. ఆ సంతలో యంత్రం పెడితే "ప్రధాన అంశం: పళ్ళు" అని రాసుకుని, కంపెనీకి దంతవైద్యంలో దిగమని సలహా ఇస్తుంది.

యంత్రంతో ఏ ఉపయోగమూ లేదా అంటే, ఉంది. యాభైమంది విడిభాగాలు దొరకడంలేదని మొత్తుకుంటే ఆ సంగతి పైవాడికి తెలియాలి. కానీ ఆ ముక్క ఫోన్లు చేసే కుర్రాడికి మొదటి వారమే తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ విప్పేచోట వాణ్ణి అడిగితే చెబుతాడు. వాడు చెబితే ఫిర్యాదు, డాష్‌బోర్డు చెబితే అంతర్దృష్టి.

చెప్పినా వినకపోవడమన్నది కంపెనీలకే పట్టిన జబ్బు కాదు. 2011 సార్వాలో అమలాపురం వైపు రైతులు పంట విరామమని వేల ఎకరాలు బీడు పెట్టేశారు. అంతకంటే గట్టిగా ఏ కొనుగోలుదారుడూ ఏ అమ్మకందారుకూ ఏమీ చెప్పి ఉండడు. ధర గిట్టుబాటు కావడంలేదన్నారు, కూలీలు దొరకడంలేదన్నారు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్నారు. ఊరూరా, మైకుల్లో, అచ్చ తెలుగులో అన్నారు. అప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది, రైతులు ఏమంటున్నారో తెలుసుకోవడానికి! వినే ఉద్దేశం లేనప్పుడు వినడానికి ఒక వ్యవస్థ పెట్టడం మన పాత పద్ధతే. ఇప్పుడు దానికి నెలవారీ చందా వచ్చింది, అంతే తేడా.

ఇక యంత్రం కట్టే ఈ కాల్ లెక్కలకు బలయ్యేది కొనేవాడు కాదు, ఫోన్లు చేసే కుర్రాడు. కొనేవాడు పెట్టేసి పొలానికి పోతాడు. కుర్రాడు మాత్రం ఎన్ని ప్రశ్నలు అడిగాడు, ఎన్నిసార్లు "అంటే అదీ" అని నసిగాడు, గొంతులో ఉత్సాహం ఎంత ఉంది అన్న మార్కులతో నెలంతా బతకాలి. యూరప్‌లో 2025 ఫిబ్రవరి 2 నుంచి, వైద్యం, భద్రత అవసరాలకు తప్ప, పనిచేసేచోట ఉద్యోగి గొంతునో ముఖాన్నో బట్టి యంత్రం వాడి మనసు అంచనా కట్టడం నిషేధం. మన దగ్గర అలాంటి అడ్డేమీ లేదు. మన కుర్రాడికి మార్కులెలా వస్తాయో తెలిసిపోయింది గనుక, ఎవరికి ఫోన్ చేసినా ముందు పద్నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. జవాబులు వాడికీ అక్కర్లేదు, యంత్రానికీ అక్కర్లేదు. మరుసటి నెల నివేదికలో "ప్రశ్నలు అడిగే నైపుణ్యం పెరిగింది" అని పచ్చగీత పైకి లేస్తుంది. టిల్లర్లు గోదాములోనే ఉంటాయి.

కోటిపల్లాయన మాటలు ఎవరి ఆస్తి అన్న ప్రశ్న కూడా ఉంది. ఎవరింట్లో ఎవరు పోయారో, ఎవరెక్కడ కాపురం పెట్టారో ఆయన చుట్టరికం కొద్దీ చెప్పుకున్నాడు. అది ఎక్కడో సర్వర్‌లో "వినియోగదారుడి నేపథ్యం" అయి కూర్చుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి స్పష్టంగా తీసుకోవాలని చట్టం అంటోంది. "ఈ కాల్ నాణ్యత కోసం రికార్డు చేయబడును" అని గబగబా చదివేసి, ఆయన "ఆయ్" అనగానే అదే సమ్మతి అనుకునేవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఒక్కరోజు తిరిగి చూడాలి. ఇక్కడ ఆ మాట "వింటున్నాను" అనడానికే ఎక్కువసార్లు వాడతాం.

కాబట్టి, అయ్యా, ఈసారి మీకు అలాంటి ఫోనొస్తే ఆ కుర్రాణ్ణి కసరకండి. రికార్డు మొదలైందని వినబడ్డాక, అచ్చులో తప్పు పడకుండా నిదానంగా ఇలా చెప్పండి: "డబ్బు కోతలయ్యాక వస్తుంది. అప్పటిదాకా ఫోన్ చేయకండి. ధర, వాయిదా, రిపేరు చేసేవాడి ఊరు కాగితం మీద రాసి పంపండి. ఈ ముక్క మీ మేనేజరుగారిని స్వయంగా వినమనండి." అప్పటికీ ఫోన్లు ఆగకపోతే 1909కు చెప్పండి. ఫోన్లు వద్దనుకునేవాళ్ళ కోసం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టించిన నంబరు అది.