పక్కగదిలో మందుగుండు

మా ఊరు చింతకి. బీదర్ జిల్లా, ఔరాద్ తాలూకా. బస్సు బోర్డు కన్నడంలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగులో నడుస్తుంది, బజారులో బేరం మరాఠీలో సాగుతుంది, చాయ్ దగ్గర తగాదా మాత్రం ఉర్దూలో పెట్టుకుంటాం. నాలుగు భాషలొచ్చిన మనిషిని ఎవడూ ముంచలేడని నాకో ధీమా ఉండేది. అయిదో భాషలో మునిగాను. ఆ భాష పేరు ‘నియమ నిబంధనలు’.

మాకు కొద్దిపాటి కందిపప్పు వ్యాపారం. హైదరాబాద్‌లో కొలువు చేసే మా అక్క కొడుకు సంక్రాంతికి వచ్చి, “మామా, ఇంకా సంచులు మోసుకుంట తిరుగుడేంది? సైటు పెట్టు” అన్నాడు.

“సైటా? ఔరాద్‌ల గుంట జాగ ఎంతున్నదో ఎరుకేనా నీకు?”

“గది గాదు మామా. ఇంటర్నెట్‌ల సైటు. జాగ కిరాయికి దొరుకుతది. నెలకు 99 రూపాయలే.”

99 రూపాయలకు మా ఊళ్లో బర్రెను కట్టేసుకునే జాగా కూడా రాదు. ఎగిరి గంతేశాను.

ఆ కంపెనీ పేరు చెప్పను. ఎంతైనా ఏడాదికి పైగా మా పప్పు వాళ్లింట్లో ఉంది. మొదటి ఏడు కొత్తల్లుడి మర్యాద చేశారు, రెండో ఏడు ఇల్లరికపుటల్లుణ్ని చేశారు. కిరాయి నాలుగింతలైంది. ఇదేమిటని అడిగితే, “99 మొదటిసారికే సార్, కింద చిన్నక్షరాల్లో రాశాం కదా” అన్నారు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే నిజమే, రాశారు. చీమ చదువుకుంటే దానికి పనికొచ్చేంత సైజులో రాశారు.

‘అన్‌లిమిటెడ్’ అన్న మాట కూడా అట్లాంటిదే. పెళ్లి పంక్తిలో “ఎంత కావాలంటే అంత తినండి” అంటారు చూడండి, మూడో లడ్డూకు చెయ్యి చాపినప్పుడు వడ్డించేవాడి మొహం చూస్తే దాని అర్థం తెలుస్తుంది.

ఇక ‘99.9 శాతం నడుస్తుంది’ అన్న హామీ. ఇంటావిడ లెక్కలో మొనగత్తె. పప్పు చెరుగుతూనే తేల్చేసింది: ఏడాదికి 8,760 గంటలు, అందులో వెయ్యో వంతు పోతే దగ్గర దగ్గర ఎనిమిదిముప్పావు గంటలు. “మన కరెంటు కన్న నయమే గదయ్యా” అంది. నయమే. కానీ కరెంటు ఎప్పుడు పోతుందో మాకు తెలుసు, దానికో వేళ ఉంది. ఈ ఎనిమిదిముప్పావు గంటలు ఎప్పుడొచ్చి నెత్తిన కూర్చుంటాయో బ్రహ్మకు కూడా తెలియదు. మాకైతే సరిగ్గా కొత్త పప్పు సిద్ధమైన వారంలో వచ్చాయి. పైగా 8తో ఆగలేదు.

ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్ సర్వర్‌కు ఈ గొడవ లేదు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ తన నెక్స్ట్ కంప్యూటర్‌నే సర్వర్‌గా నడిపించాడు. ఎవరైనా స్విచ్చి తీసేస్తారేమోనని ‘ఇది సర్వర్, ఆపొద్దు’ అన్న అర్థం వచ్చేట్టు ఎర్రసిరాతో కాగితం రాసి దానికి అతికించాడు. మా పొలాల్లో మోటారు డబ్బాల మీద బొగ్గుతో రాసే ‘ముట్టొద్దు’కు అది స్వయానా తమ్ముడు. వెబ్ హోస్టింగ్ భద్రతా చరిత్ర అంతా ఆ కాగితంతో మొదలైంది.

రెండో ఏడు ఒక పొద్దున అల్లుడు ఫోన్ చేశాడు. “మామా, నువ్వు జపాన్ సంచులు గూడ అమ్ముతున్నవా?” చూస్తే, మా పప్పు సైటు నిండా జపాన్ భాషలో చేతిసంచుల ప్రకటనలు. అయిదో భాషే ఎక్కువనుకుంటే ఆరో భాష కూడా వచ్చిపడింది. మనలాంటి చిన్న సైట్లలో దొంగచాటుగా దూరి, దొంగ పేజీలు నాటిపోయే ముఠాలున్నాయట. ఇది వాళ్లకు బాగా అలవాటైన పనట.

కంపెనీకి ఫోన్ కొడితే అరగంట సంగీతం వినిపించి, “మీరున్నది షేర్డ్ హోస్టింగ్ సార్” అన్నారు. అంటే ఒకే యంత్రం మీద వందల సైట్లు ఉంటాయి. అందులో ఎవడో ఒకడు దొంగ ఈమెయిళ్లు పంపితే, అడ్రసు ఒక్కటే కనక మా ఉత్తరాలూ చెత్తబుట్టలో పడతాయి.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయనకు కంప్యూటర్ తెలియదు. కానీ అడ్తి దుకాణంలో ధాన్యం దించే ముందు మూడు ప్రశ్నలు అడిగేవాడు. నా సంచుల పక్కన ఎవరి సంచులున్నాయి? తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయి? నా మాల్ నేను తీసుకుపోతానంటే ఎన్నాళ్లకిస్తావు? ముక్కపురుగు పట్టిన సంచి ఒక్కటుంటే చాలు, పక్క సంచి గతేమిటో రైతుకు వేరే చెప్పాలా? నేను 99 అన్న అంకె చూసి మూడు ప్రశ్నలూ మింగేశాను.

అదే వారం బ్యాంకు పని మీద బీదర్ వెళ్లి, మహమూద్ గవాన్ మదర్సా ముందు నిలబడ్డాను. 1472 నాటి కట్టడం. ముందు రెండు మీనార్లు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. దాన్ని కట్టించిన గవాన్ 3,000 గ్రంథాలు పోగేసిన చోటు అది. మొఘలుల చేతికొచ్చాక అక్కడే మందుగుండు దాచారు. 17వ శతాబ్దం చివర్లో అది పేలి, ముందుభాగంలో పెద్ద ముక్క ఎగిరిపోయింది. పుస్తకాలింటి పక్కగదిలో మందుగుండు పెట్టడం! షేర్డ్ హోస్టింగ్‌ను కనిపెట్టింది అమెరికావాళ్లని ఎవరన్నారు?

బీదర్ కోట కథ ఇంకా విచిత్రం. రాతిని తొలిచిన మూడు వరసల కందకం దానికి. అయినా 1657లో ఔరంగజేబు 27 రోజుల్లో పట్టేశాడు. కోటను కాచిన సిద్దీ మర్జాన్ తన బురుజు దగ్గరి మందుగుండుకే నిప్పంటుకుని చావుదెబ్బ తిన్నాడు. కందకం ఎంత లోతైతే ఏం, నిప్పు పడింది లోపలి మందుగుండు మీద కదా.

తిరుగుబస్సులో నా లోపలి మందుగుండు ఏమిటా అని ఆలోచించాను. ఇంటికొచ్చి చూస్తే దుకాణం గోడమీద వేలాడుతోంది. క్యాలెండర్‌లో ఏకాదశి పక్కన, బాల్‌పెన్నుతో, నా చేతిరాతే: ‘సైటు పాస్‌వర్డ్ – చింతకి123’. మూడేళ్ల పిల్లవాడు కూడా ఊహించగల ఆ మాటను, ఊహించే శ్రమ కూడా లేకుండా గోడకెక్కించాను. కంపెనీని తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకున్నాను. కిరాయి గురించిన సగం అట్లాగే ఉంచాను.

కొత్త జాగా వెతికేటప్పుడు అల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని నాన్న ప్రశ్నలే అడిగాను. డబ్బు కట్టకముందే రాత్రి పదకొండుకు ఫోన్ చేశాను. మనిషి ఎత్తాడు. రెండో ఏడు కిరాయి ఎంత? చెప్పాడు. సైటు పేరు, అదే డొమైన్, ఎవరి పేరున రాసుకుంటారు? “మీ పేరునే సార్, పట్టా మీది, మేం కిరాయికిచ్చేది గోదాము.” తాళం గుర్తుకు, అదే ఎస్‌ఎస్‌ఎల్‌కు, పైకం ఎంత? “లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరి నుంచి ఊరికే ఇస్తోంది సార్, దానికి డబ్బెందుకు?” పాత కంపెనీవాళ్లు దానికి ఏటా బిల్లు వేశారు. ఇంకో మాట కూడా చెప్పాడు: ఆ గుర్తు దారిలో బండి మీద కప్పిన టార్పాలిన్ లాంటిదే, గోదాము తలుపుకు అది తాళం కాదు. తలుపుకు గట్టి పాస్‌వర్డ్, దాని వెనక ఫోన్‌కొచ్చే ఓటీపీ పెట్టుకోవాలి.

“బ్యాకప్ ఎక్కడ పెడతారు?” అంటే, “మాదొకటి మా దగ్గర ఉంటుంది, మీదొకటి మీరూ తీసుకోండి సార్, మమ్మల్ని కూడా నమ్మకండి” అన్నాడు. నమ్మొద్దని చెప్పిన వ్యాపారిని నా జీవితంలో మొదటిసారి చూశాను. వెంటనే నమ్మేశాను.

ఆయనన్నది నిజమే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ తగలబడితే, లక్షల సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్లకు బూడిద మిగిలింది. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో సర్కారు డేటా సెంటర్ కాలి, ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల సమాచారం పోయింది. మరీ ఎక్కువ ఉందని బ్యాకప్ తీయలేదట. బంగారం మరీ ఎక్కువైందని పెట్టెకు తాళం వేయనట్టు.

సైటును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిస్తే ఏదైనా పోతుందేమోనని భయపడ్డాను. అల్లుడు నవ్వాడు. “మనూరు మారలే మామా?” నిజమే. 1956 నవంబర్ 1న బీదర్ జిల్లా మూడు రాష్ట్రాలకు పంపకమైంది. నారాయణఖేడ్, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్ బొంబాయికి, మేము మైసూరుకు. ఊరు అంగుళం కదల్లేదు, భాష ఒక్కటీ పోలేదు. 1973లో మైసూరు కర్ణాటకైంది. అప్పుడు హోస్టింగ్ అదే, డొమైన్ పేరే మారింది.

సైటు మారింది. పప్పు అమ్ముతోంది. జపాన్ సంచులు లేవు. ప్రతి నెలా ఒక పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసి, చిన్న డబ్బీలో పెట్టి, సరిహద్దుకు అవతల నారాయణఖేడ్‌లో ఉన్న మా చెల్లెలింటికి పంపిస్తాను. ఒక రాష్ట్రంలో నిప్పుపడితే ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. మొదటి డబ్బీ అందిన సాయంత్రమే చెల్లె ఫోన్ చేసింది.

“అన్నా, ఆడబిడ్డకు గింత డబ్బీల గీ నల్ల పుల్ల పంపిస్తరా? పప్పేది?”

అప్పటి నుంచి ప్రతి బ్యాకప్ అయిదు కిలోల సంచిలో, పప్పు మధ్యన పోతోంది. కిరాయి లెక్కేసి చూశాను. 99 కన్నా ఎక్కువే పడుతోంది. కానీ ఆ గోదాములో నా సంచి పక్కన ఎవరి సంచి ఉందో నాకు తెలుసు.