పచ్చళ్ళ కొట్టు జాబు: సటీకాతాత్పర్యము

మూలము

నెలకు నొకజాబు చాలును నీకు నాకు
వద్దనినవారి విడువుము వాదు లేక
యూరగాయల ధర కన్న నూరి కబురు
ముందు చెప్పుము తరువాత మూట గట్టు

అవతారిక

ఈ తేటగీతి మా ఊరి పచ్చళ్ళ కొట్టులో గల్లాపెట్టె వెనక గోడకు అంటించి ఉంది. కర్త ఎవరో యజమానురాలు చెప్పదు. కొన్నవారి ఈమెయిలు చిరునామాలు ఆరువందల దాకా పోగుపడి, వాటిని ఏం చేసుకోవాలో తెలియని రోజుల్లో పుట్టిందంటారు. మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదక్ సీమ కొల్చారం వాడే గాని, ఈ కొట్టు వైపు రాలేదు. ఆ భారం నా మీద పడింది.

ప్రతిపదార్థము

నెలకున్ = మాసమునకు. "దినము" అని కొందరి పాఠం. వారు పట్నంలో మార్కెటింగు చదువుకున్నవారు. "దినము నొకజాబు" అన్నా గణాలు సరిపోతాయి, కాని "నీకు"లోని నీకారంతో యతి చెడుతుంది. కనుక అగ్రాహ్యము. ఒక జాబు = ఇది విధి కాదు, పరిసంఖ్య. ఒకటి రాసి తీరాలని కాదు, రెండోది రాయరాదని. వైశాఖంలో ఆవకాయ, కార్తీకంలో ఉసిరి, చలి ముదిరాక చింతకాయ, ఆ వెనక పండుమిరప, చెప్పుకోవడానికి సరుకుంది. ఆషాఢంలో ఏమీ లేకపోతే జాబూ లేదు. నీకు = చదువరికి. నాకు = రాత్రి కొట్టు కట్టేశాక కూర్చుని రాయవలసిన ఆవిడకు. నాకారాన్ని చాలామంది వ్యాఖ్యాతలు పట్టించుకోరు. మూడో నెలకే జాబులు ఆగిపోయేది అక్కడే.

వద్దనినవారిన్ = ఇక పంపకండి అన్నవారిని; విడువుము = జాబితా నుంచి పేరు కొట్టివేయుము. పద్యంలో బరువంతా ఇక్కడే ఉంది. ఈ కొట్టుకు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ కొనేవాళ్ళున్నారు. అమెరికాలో 2003 నాటి చట్టం వద్దన్నవారిని 10 పనిదినాల్లో వదిలెయ్యమంటుంది, జాబు కింద కొట్టు తపాలా చిరునామా కూడా ఉండాలంటుంది. మన దేశపు 2023 చట్టం సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటుంది. కవి దీన్నంతా నాలుగు మాటల్లో తేల్చాడు. వాదు లేక = "నిజంగానే వెళ్ళిపోతారా? మా వల్ల తప్పేం జరిగింది?" అని అడిగే పేజీలు లేకుండా. ఊళ్ళో వాదు మరో రకం. పేరు తీయించుకున్నావిడ బజార్లో ఎదురుపడితే, "మా జాబు నచ్చలేదటగా వదినా" అని రెండు సంచులతో నిలబెట్టి అడగడం. అదీ నిషిద్ధమే.

ఊరగాయల ధర కన్నన్ = అరకిలో ఎంత, కిలో ఎంత అన్నదానికంటె; ఊరి కబురు = ఇక్కడ శ్లేష. గ్రామపు వార్త అని ఒక అర్థం: ఈ ఏడు కాయ ఏ తోటది, మిరప గుంటూరులో ఎలా పలికింది, నువ్వుల నూనె గానుగ ఎందుకు మారింది. ద్రుతాన్ని కలుపుకొని "నూరి" అని విడదీస్తే ఆవాలు నూరి చెప్పే కబురు. "ఊరి" అంటే నాని, అని మూడోది. నా మతం ఇదే. ఆవకాయ కలిపిన రోజున తినరు; మూడో రోజు జాడీ మూత తీసి తిరగ కలిపి, ఉప్పు చూస్తారు. జాబూ రాసిన రాత్రే పంపకూడదు. మూడో రోజు తీసి చూస్తే, మొదటి వాక్యంలో ఉన్న "మా విలువైన కస్టమర్లకు శుభవార్త" దానంతటదే పైకి తేలుతుంది, తీసిపారేయవచ్చు.

ముందు చెప్పుము = విషయపు గడిలోనే, అంటే సబ్జెక్టులోనే, చెప్పుము. ఫోనులో కనబడేది ఆ నాలుగైదు మాటలే. "మే నెల సంచిక" అంటే ఎవరూ తెరవరు. "కొత్తావకాయ జాడీలకెక్కింది" అంటే అల్లుడు కూడా తెరుస్తాడు. మూట గట్టు = పార్సెలు కట్టుము; డబ్బు మూటగట్టుకొనుము అని ధ్వని. ధ్వనినే వాచ్యం చేసిన కొట్లు చాలా ఉన్నాయి.

విశేషములు

మొదటి నెల ఆవిడ చిరునామాలన్నీ "టు" గడిలోనే పెట్టింది. ఉచిత జీమెయిల్ రోజుకు 500 మందిని మించి పంపనివ్వదు గనుక చివరి వందమందిని తీసేయవలసి వచ్చింది, వాళ్ళు బతికిపోయారు. మిగతా వాళ్ళలో ఒకాయన, తనకు షుగరనీ బెల్లం మాగాయ వద్దనీ అందరికీ వెళ్ళేలా జవాబిచ్చాడు. కాళిదాసు యక్షుడికి ఈ చిక్కు లేదు. మేఘం చేత పంపినా గమ్యం ఒక్కరే. తక్కినవారు గుప్తప్రతి గడిని, అంటే బీసీసీని, ఆశ్రయించాలి. ఐదువందలు దాటితే జాబులు పంపే సేవను కుదుర్చుకోవడం మేలు. పేరు కొట్టివేసే పని అదే చూసుకుంటుంది.

ఎంతమంది తెరిచారన్న లెక్క నమ్మదగింది కాదు. 2021 నుంచి ఆపిల్ వారి మెయిలు, మనిషి చూసినా చూడకపోయినా జాబులోని బొమ్మలను తానే ముందుగా దించుకుంటోంది. తిరుగుజాబులు లెక్కపెట్టుకోవాలి. షుగరాయనది ఒకటి.

తాత్పర్యము

స్పష్టము.

గోడ మీది ప్రతిలో చివరి మాటపై నూనె మరక పడింది. "గట్టు" అని నేను చదివాను, "గట్టి" కూడా కావచ్చు. శుద్ధప్రతి ఉన్నవారు పంపితే రెండో కూర్పులో సవరించుకుంటాను.