ఉచిత శాంపిల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఉచిత శాంపిల్ గారి సముఖానికి, హైదరాబాదు నుంచి ఒక అనువాదకురాలు అనేక నమస్కారాలతో రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమా అని అడగను. తమరికి నలత చేసిన దాఖలా మా వృత్తిలో ఎక్కడా లేదు. కరోనా వచ్చినా, కంప్యూటరే అనువాదాలు చేసే రోజులు వచ్చినా మీరు చెక్కుచెదరలేదు. పనులు తగ్గిన ఏడాది ఇంకాస్త ఒళ్లు చేశారు కూడా.

మీరు మా గడప తొక్కే తీరే వేరు. మెయిల్ చివర, థాంక్యూకి ఒక్క వరస పైన, 'చిన్న శాంపిల్ ఒకటి చేసి పంపగలరా' అంటూ ఎంతో అణకువగా కూర్చుని ఉంటారు. మీ వెనకాలే మీ బంధుబలగం దిగుతుంది: 'ముందు ముందు చాలా వర్క్ ఉంది', 'ఇది లాంగ్ టర్మ్ మేడమ్', 'రేటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం'. కొత్తలో ఈ మాటలకి మురిసిపోయి, రాబోయే లాంగ్ టర్మ్ డబ్బుతో కుర్చీ మార్చుకోవాలని కూడా అనుకునేదాన్ని. నడుము నొప్పి ఉంది, కుర్చీ అదే ఉంది.

నేను చేసిన మర్యాదల్లో ఏమైనా లోపం ఉందా, చెప్పండి. డబ్బిచ్చే క్లయింటు ఫైలు పక్కన పెట్టి మీ ఫైలు తెరిచాను. ఉగాది నాడు ఇంటికొచ్చిన చుట్టాలతో రెండు మాటలైనా మాట్లాడకుండా మీ సేవలో కూర్చున్నాను. మీరు భూమి కాగితాల వేషంలో వచ్చినప్పుడు, గుంటూరు జిల్లాలో వీఆర్వోగా చేసి రిటైరైన మా బాబాయికి ఫోన్ చేసి అడంగల్‌లో ఏ గడిలో ఏం రాస్తారో గంటసేపు అడిగి తెలుసుకున్నాను. ఆ పని వచ్చిందా అమ్మాయ్ అని ఆయన కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉంటాడు. ఏం చెప్పమంటారు? మీరే ఒకసారి ఫోన్ చేసి చెప్పరాదూ?

ఇవన్నీ సరిపెట్టుకోవచ్చు. ఒక ఫ్రాంచైజీ ఒప్పందం సంగతే మింగుడుపడదు.

ఒక ఏజెన్సీ నుంచి ఆ ఒప్పందం వేషంలో వచ్చారు ఆ రోజు. రెండే పేజీలు. తెరిచి చూస్తే మొదటి వాక్యానికి తల లేదు, అంతకు ముందు పేజీలో ఎక్కడో మొదలైన దాని తోక మాత్రం ఉంది. దాని కింద క్లాజు నంబరు 9.3. పేజీ నంబర్లు జాగ్రత్తగా తుడిచేశారు గాని, అడుగున ఫుట్‌నోట్ నంబరు 31 అని మిగిలిపోయింది. రెండో పేజీ 9.6 మధ్యలో, ఒక కామా దగ్గర ఆగిపోయింది. చేసి పంపించాను. సాయంత్రం విజయవాడలో ఉండే తోటి అనువాదకురాలితో మాట్లాడుతుంటే, తనకీ అదే ఏజెన్సీ నుంచి శాంపిల్ వచ్చిందంది. ఎక్కడ మొదలైందో చదవవే అన్నాను. చదివింది. సరిగ్గా నా కామా తర్వాతి మాట! వరంగల్‌లో ఒకాయన్ని కదిపితే ఆయన దగ్గర పదో క్లాజు దొరికింది. మిగతా క్లాజులు ఏ ఊళ్లో, ఎవరి బల్లమీద, ఏ లాంగ్ టర్మ్ ఆశతో తయారవుతున్నాయో ఆ పైవాడికే తెలియాలి. తర్వాత ముగ్గురికీ ఒకే రోజున, అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు: మీ నాణ్యత మా ప్రమాణాలకి సరిపోలేదు. నాణ్యత లేని ఆ ముక్కల్ని ఏం చేసుకున్నారో మాత్రం రాయలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను గాని, మా చేతే తెప్ప కట్టించి, అది తేలదని మాకే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లని మీ పుణ్యాన చూశాను.

మాకు చట్టం తెలియదనుకోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రచన మీద తొలి హక్కు రాసినవాళ్లదే. జీతం పుచ్చుకునే ఉద్యోగి సంగతి వేరు. నేను ఎవరి ఉద్యోగినీ కాను. ఆ హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం కాగితం ఉండాలి, దానిమీద సంతకం ఉండాలి. మీకు నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆ మాటకొస్తే మీరూ ఎక్కడా పెట్టరు.

చిన్న సంస్థలు నమోదయ్యే ఉద్యమ్ పోర్టల్‌లో పేరు రాయించుకున్నాను కూడా. మాబోటి చిన్నవాళ్ల బాకీలు, రాతలో ఎంత గడువు ఒప్పుకున్నా, 45 రోజులకి మించి నిలపకూడదని 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం చెబుతోంది. నిలిపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఎంత చల్లని చట్టం! మీ దగ్గరికొచ్చేసరికి మాత్రం దానికి నోరు పెగలదు. సున్నాకి ఎన్ని ఇంతల వడ్డీ కట్టినా సున్నాయే కదండీ.

మీ వంశంలో పెద్దమనుషులు లేరనను. పరీక్ష పెట్టి, ఆ పరీక్షకీ డబ్బిచ్చే ఏజెన్సీలున్నాయి. వాళ్లింట్లో మీ అన్నగారిని పెయిడ్ టెస్ట్ అంటారు. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

ఇక మీకు రుచించని సంగతి. మీ ప్రమేయం లేకుండానే నాకు పని దొరుకుతోంది. మందుల ట్రయల్స్ కాగితాలు చేస్తున్నాను. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో చేరే మనిషికి సమ్మతి పత్రం అర్థమయ్యే భాషలో ఉండాలి. మన ఆసుపత్రుల్లో ట్రయల్స్ నడిచినన్నాళ్లూ తెలుగు పత్రం కావాల్సిందే. దాన్ని ఎథిక్స్ కమిటీ చూస్తుంది. చాలాచోట్ల ఆ తెలుగుని వేరొకరిచేత మళ్లీ ఇంగ్లీషులోకి చేయించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని పోల్చుకుంటారు. అంటే ఒక్క పత్రం ఇద్దరికి పని పెడుతుంది. ఇది తెలిశాక 'అన్ని రకాల అనువాదాలు చేయబడును' అన్న బోర్డు పీకేశాను. అన్నీ చేస్తానన్నన్నాళ్లూ వచ్చింది మీరొక్కరే.

ఆ పని నా దగ్గరికి తెచ్చిపెట్టింది ఒక ప్రాజెక్ట్ మేనేజరమ్మాయి. ఒకసారి శుక్రవారం సాయంత్రం ఏదో సందేహం అడిగితే పది నిమిషాల్లో జవాబిచ్చాను, అంతే మా పరిచయం. తర్వాత ఆ అమ్మాయి కంపెనీ మారింది. మారుతూ నా నంబరు పట్టుకుపోయింది. మళ్లీ మారింది, మళ్లీ పట్టుకుపోయింది. పాత కంపెనీలు నన్ను వదల్లేదు, కొత్తవి వచ్చి చేరాయి. మీకు వెచ్చించిన రాత్రుల్లో ఒక్కటి ఇలాంటివాళ్లకి పండగ శుభాకాంక్షలు రాయడానికి వాడి ఉంటే ఎంత బాగుండేది!

కొత్తవాళ్లకి నేనే రాసే మెయిళ్లలోనూ మీకు చోటు తీసేశాను. ఏ భాష నుంచి ఏ భాషకి, ఏ రంగం, రోజుకి 2,000 పదాలు, పదానికి ఇంత, నా పని చూసిన ఇద్దరి పేర్లు (వాళ్లనడిగే). అక్కడితో సరి. రాసేముందు అనువాదకుల సైటు ప్రోజ్ డాట్ కామ్‌లో బ్లూ బోర్డు తెరిచి, ఆ ఏజెన్సీతో మళ్లీ పనిచేస్తామని తోటి అనువాదకులు అయిదుకి ఎన్ని మార్కులు వేశారో చూస్తాను. ఒకట్లూ రెండ్లూ కనబడితే అక్కడ మీరు కాపురముంటున్నారని లెక్క.

అయినా గడపదాకా వచ్చినవారిని పొమ్మనడం మా ఇంటా వంటా లేదు. మామిడిపళ్ల బండివాడు ముక్క కోసి రుచి చూపిస్తాడు. పండు ఎంచేదీ అతనే, కత్తీ అతని చేతిలోనే ఉంటుంది. ఇకమీదట మన రాకపోకలూ అలాగే. నేనే సొంతంగా రాసుకుని, సొంతంగా అనువదించుకున్న ఒక అద్దె ఒప్పందం, ఒక సమ్మతి పత్రం, మధుమేహం ఉన్నవాళ్లు పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పే ఒక కరపత్రం సిద్ధంగా ఉన్నాయి. పంపిస్తాను, చదువుకోండి. అవి చాలవు, మీ ఫైల్లోదే కావాలంటే 250 పదాలు, అవి కూడా తలా తోకా ఉన్న పేరా అయితేనే. అది దాటితే మామూలు రేటు. పని ఇస్తే ఆ సొమ్ము మొదటి బిల్లులో తగ్గిస్తాను. కామా దగ్గర ఆగిన ఫైళ్లు తెరవను.

ఇట్లు,
తమ మాజీ విధేయురాలు

తా.క.: ఈ లేఖ 250 పదాలు దాటింది. దాటినదానికి బిల్లు విడిగా పంపుతున్నాను. టీడీఎస్ కోసుకున్నా అభ్యంతరం లేదు.