అర్ధరాత్రి కాస్మిక్ సందేశం: 'నిద్రాభంజని' వ్యాఖ్యా సహితం

మూలం: "ఈ రాత్రి 12:30 నుంచి 3:30 వరకు ప్రమాదకరమైన కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తున్నాయి. ఫోన్లు ఆపి ఒంటికి దూరంగా పెట్టుకోండి. సింగపూర్ టీవీలో చెప్పారు. నాసా ధ్రువీకరించింది. మీ ఆత్మీయులందరికీ వెంటనే పంపండి."

అవతారిక: కాళిదాస కావ్యాలకు సంజీవని రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. చేతిలో కాళిదాసు ఉన్నవాడికి ఆ ఒట్టు చెల్లుతుంది. మా చేతిలో ఉన్నది మా బావగారి ఫార్వార్డు. ఇందులో ఉన్నదాని గురించి రాద్దామంటే ఏమీ లేదు కాబట్టి లేనిదాని గురించే రాస్తాం.

కర్తృత్వం: ఈ గ్రంథం అపౌరుషేయం. నెత్తిన ఉన్న జంట బాణాల గుర్తే అందుకు ప్రమాణం. వేదానికి కర్త లేకపోయినా ద్రష్టలున్నారు. దీనికి వాళ్లూ లేరు. చదివినవాడు పంపడు, పంపినవాడు చదవడు.

కాలం: తేదీ వేయకపోవడంలోనే కవి ప్రతిభంతా ఉంది. "ఈ రాత్రి" అన్నాడే గాని ఏ రాత్రో చెప్పలేదు. పదేళ్లు దాటినా గ్రంథం పాతబడలేదంటే అందుకే. ఏ రోజు పంపితే ఆ రోజే ప్రళయం. పాఠభేదాలు స్వల్పం. అపార్ట్‌మెంట్ గ్రూపు ప్రతిలో సింగపూర్ టీవీకి బదులు బీబీసీ ఉంది. మా టెన్త్ బ్యాచ్ ప్రతి చివర "జై హింద్" అని కనిపిస్తోంది. అది ప్రక్షిప్తమని మా అభిప్రాయం.

ప్రతిపదార్థం: సులభం. వదిలేశాం.

విశేషం: "కాస్మిక్ కిరణాలు" అన్నచోట మాత్రం ఆగక తప్పదు. "దగ్గరగా వెళ్తున్నాయి" అనడం కవి మర్యాద. అవి పక్కనుంచి పోయే రకం కావు, నెత్తినే పడతాయి. వాటి సంతానం ఇది చదువుతున్న మీ అరచేతిలోంచి కూడా సుమారు సెకనుకొకటి చొప్పున, రాత్రింబవళ్లు దూసుకుపోతూనే ఉంది. 1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త పరికరాలతో బెలూనెక్కి 5,300 మీటర్ల దాకా వెళ్లి, పైకి పోయేకొద్దీ ఈ తాకిడి పెరుగుతోందని చూసి దిగాడు. సూర్యుడి నుంచి వస్తున్నాయేమోనన్న అనుమానంతో ఆ ఏడాదే గ్రహణం వేళ కూడా ఎక్కి చూశాడు, తగ్గలేదు. 1936లో నోబెల్ ఇచ్చారు. పన్నెండున్నర ముహూర్తం సంగతి పాపం ఆయనకెవరూ ఫార్వార్డ్ చేయలేదు.

పైనుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లు. అవి గాలిలోని పరమాణువులకు కొట్టుకుంటే పుట్టే శకలాల్లోంచి మ్యూయాన్లు వస్తాయి. జన్మస్థానం సుమారు 15 కిలోమీటర్ల ఎత్తు. సగటు ఆయుర్దాయం సెకనులో పది లక్షల వంతుల్లో 2.2 వంతులు. ఇక్కడ పూర్వపక్షి లేచి లెక్క కడతాడు: కాంతివేగంతో పరిగెత్తినా ఆ ఆయుష్షుకి 660 మీటర్లు దాటదే, నేలకెలా దిగింది? సమాధానం: అంత వేగంగా పోయేదాని గడియారం మన లెక్కకు నెమ్మదిగా నడుస్తుంది. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన మాట ఇది. మ్యూయాన్ తన ఆయుష్షు తాను బతుకుతుంది, మనకి మాత్రం అది ఎన్నో రెట్లు బతికినట్టు కనిపిస్తుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో కాలయంత్రాన్ని రాయలవారి కాలానికీ పంపాడు, 2504కీ పంపాడు. వెనక్కి పోయే ఉపాయం ఇంకా ఎవరికీ దొరకలేదు. ముందుకు పోయే సగాన్ని మాత్రం ప్రతి మ్యూయానూ టిక్కెట్టు లేకుండా చేసేస్తోంది.

ఇది చెప్పగానే కకుద్మి గుర్తుకు రాక మానడు. భాగవతం నవమ స్కంధంలో ఆ రాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ కచేరీ జరుగుతోంది. అయ్యేదాకా మర్యాదగా ఆగి, ఆనక తన మనసులోని సంబంధాలు చెప్పాడు. బ్రహ్మ నవ్వాడు. వాళ్లూ పోయారు, వాళ్ల మనవలూ పోయారు, కింద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయన్నాడు. చివరికి ఆ పిల్లను బలరాముడికిచ్చి చేశారు. ఆవిడే 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖకు తల్లి, మన ఛాయాదేవి. పాండవుల ఆస్తి పోగానే అభిమన్యుడి సంబంధం తప్పించి దుర్యోధనుడి వైపు మొగ్గిందని లోకం ఆవిణ్ణి ఆడిపోసుకుంటుంది. తన పెళ్లి ఇరవై ఏడు మహాయుగాలు ఆలస్యమైన తల్లి, కూతురి సంబంధం దగ్గర కంగారు పడదా? ఛాయాదేవి ముఖంలోని ఆ ఆత్రానికి విమర్శకులెవరూ ఈ కారణం చూపినట్టు లేదు, మేం చూపిస్తున్నాం. ఆ చిత్రానికి కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రవాడే సింగీతం. కాలయంత్రానికి విత్తనం ఎక్కడ పడిందో సహృదయులు ఊహించుకోగలరు.

ఇంతకీ మనం ఫార్వార్డులో ఉన్నాం. కకుద్మి ముచ్చట చదివి "చూశారా, సాపేక్షత మనవాళ్లే కనిపెట్టారు" అని రేపు ఎవరైనా పంపితే మాకు సంబంధం లేదు. అది గొప్ప కథ. ఎంత వేగానికి గడియారం ఎంత వెనకబడుతుందో లెక్క ఇస్తే శాస్త్రమవుతుంది. పురాణకర్త ఆ లెక్క ఇస్తాననలేదు, ఆయన్ని ఇరికించడం అన్యాయం. అన్నీ మనవాళ్లే కనిపెట్టారనే ఈ ధోరణి మీద కన్యాశుల్కంలో సుప్రసిద్ధమైన వాక్యం ఒకటుంది. అందరికీ నోటికి వచ్చు కనుక ఎత్తి రాయడం లేదు.

"ఫోన్లు ఆపి" అన్నచోట కవికి తెలియకుండానే ఇసుమంత నిజం తగిలింది. ఈ కణాలు చిప్పులో ఒక అంకెను తిప్పేయగలవు. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు యంత్రం చూపించింది. పన్నెండు రెళ్లు వరసగా గుణిస్తే వచ్చే సంఖ్య అది, అంటే ఒకే ఒక్క బిట్ తిరగబడితే వచ్చే తేడా. మరే తప్పూ దొరక్క చివరికి కాస్మిక్ కిరణాన్ని అనుమానించారు. ఓడిపోయిన మన నాయకులకు ఈ సంగతి ఇంకా తెలియదు.

"నాసా ధ్రువీకరించింది": నైయాయికులు ఆప్తవాక్యాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నారు. ఆప్తుడంటే విషయం తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఫార్వార్డు శాస్త్రంలో ఆప్తుడంటే మన గ్రూపులో ఉన్నవాడు. మా బావగారు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, లెక్కల్లో దిట్ట. కూరగాయలవాడు ఐదు రూపాయలు ఎక్కువ చెబితే నిలదీసే మనిషి, నాసా పేరు కనపడగానే బుద్ధిని చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేస్తారు. నవ్వి ఊరుకుందుమేమో. కాని ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దత్తయ్యకు కూడా ఆయన ఇది పంపారు. ఆవిడ భక్తిగా ఫోన్ ఆపేసింది. పక్కనున్న మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే మళ్లీ వెలుగుతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఫోన్ కలవక, పక్కింటివాళ్ల చేత తలుపు కొట్టించాం. గుండె దడతో, బీపీ మాత్రలతో ఉన్న మనిషి. ఇందులో హాస్యం మాకు కనపడటం లేదు.

మరో కోపం కూడా ఉంది. అంతరిక్షం గురించి ఏదైనా తెలుసుకోవాలంటే సింగపూర్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. హెస్ ఎక్కినదానికంటే ఎన్నో రెట్లు ఎత్తుకు మనుషుల్లేకుండా బెలూన్లు పంపుతుంది. 2022 డిసెంబరులో అక్కణ్ణుంచి ఎగిరిన ఒక క్యాప్సూల్ వికారాబాద్ జిల్లాలో పొలాల మధ్య దిగితే జనం తీర్థంలా వెళ్లి చూశారు. అది ఏమిటి, ఎవరిది, ఎందుకు పంపారు అని అడిగారు. మా గ్రూపుల్లోని డిగ్రీలన్నీ కలిపినా ఈ మూడు ప్రశ్నలు రాలేదు.

ఫలశ్రుతి: బడుల్లో సైన్స్ టీచర్లకు ఒక విన్నపం. ఈ ఏడు సైన్స్ ఫెయిర్‌లో వంటసోడా అగ్నిపర్వతాన్ని కాస్త పక్కన పెట్టండి. గాజుపెట్టె పైభాగంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఉన్నిగుడ్డ అతికించి, కింద నల్లటి లోహపు పళ్లెం పరిచి, దాని అడుగున డ్రై ఐస్ పెట్టండి. గది చీకటి చేసి పక్కనుంచి టార్చి వేస్తే, కొద్ది నిమిషాలకు తెల్లటి సన్నని పోగులు పుట్టి మాయమవడం కనిపిస్తుంది. కాస్మిక్ కిరణాల జాడలు వాటిలో ఉంటాయి. డ్రై ఐస్‌ను ఒట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం పోతుంది, మందపాటి గ్లవ్స్ వేసుకోండి. ఆల్కహాల్ దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. గదిలోకి గాలి రావాలి.